టిక్కు పెట్టని గడి

ఆదివారం, 2

పేరు పలకడం చేతకానివాడికి తలుపు తియ్యాలా? చెప్పు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరని నాకు తెలుసు. అయినా ఎవడైనా దొంగతనంగా తెరిచి చదువుతూ ఉంటే వాణ్ణే అడుగుతున్నాను. సమాధానం చెప్పి తర్వాత పేజీ తిప్పు.

ఇవాళ ప్రార్థన హాల్లో దీని మీదే మాట్లాడాను. ఆదిలో దేవుడు ప్రతి ప్రాణికీ పేరు పెట్టించాడు, బొమ్మ గియ్యమనలేదు అన్నాను. బల్ల మీద గుద్దాను కూడా. ముందు వరసలో ముగ్గురు తలలూపారు. వెనక వరసలో మా వదిన ఆవలించింది. నోటికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

సోమవారం, 3

ఊహించినంతా అయింది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి నా కంప్యూటర్ ముందు కూర్చోగానే మేనేజరు తన గదికి పిలిచాడు.

"అయ్యగారూ, మీరు ప్రసంగానికని ఎటైనా వెళ్తే ఆసుపత్రిలో వరస ఆగిపోతోంది. ఆ వరస ప్రోగ్రాంని కౌంటర్ కంప్యూటర్ మెనూలో పెట్టెయ్యండి. మీ వదినగారు నొక్కుకుంటారు."

"అది మెనూలో పెట్టే రకం కాదు సార్. నల్ల విండో ప్రోగ్రాం."

"నల్లదైతేనేం, తెల్లదైతేనేం? రేపట్నుంచి సర్జను గారు వస్తున్నారు. పదిహేనో తేదీ సాయంత్రం వెళ్ళిపోతారు. మళ్ళీ వచ్చేది ఆరు నెలలకి. ఈ పన్నెండు రోజుల్లో ఒక్క రోజు కూడా పని ఆగడానికి వీల్లేదు."

నల్లదైతేనేం! రెండు నెలల కిందట కొత్త కంప్యూటర్లు వచ్చినప్పట్నుంచి ఇదే గొడవ. ఎడమ మూల నొక్కితే మెనూ లేస్తుంది. అందులో ఉత్తరాలు రాసేదానికో బొమ్మ, ఫొటోలు చూసేదానికో బొమ్మ, పేకాటకో బొమ్మ. కంటి ఆసుపత్రిలో పేకాట ఎందుకో నాకు తెలీదు. మా పాత ప్రోగ్రాములు మాత్రం అందులో లేవు. వాటికి టెర్మినల్ తెరవాలి, నల్లటి విండోలో పేరు టైపు చెయ్యాలి, ఎంటర్ కొట్టాలి. 'వరస' అని కొడితే ఆపరేషన్ జాబితాలోంచి తర్వాతి మనిషి పేరూ ఫోను నంబరూ చూపిస్తుంది, ఆ పేరుకి ఎదురుగా 'పిలిచాం' అని తేదీ, టైము రాసుకుంటుంది. ఒకసారి నడిపితే ఒక మనిషి. రోజుకి పది మంది. మనం ముందు రోజే ఫోను చేసి రమ్మంటాం. మూడు రోజుల్లో రాకపోతే ఆ పేరు జాబితా అడుక్కి పోతుంది. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న పెద్దాయన రాసిపెట్టి రిటైరయ్యాడు. ఒక్కనాడూ తప్పు చెప్పలేదది.

ఇదే ఆసుపత్రిలో నేను చక్రాల కుర్చీలు తోసేవాణ్ణి. పాత సామాను గదిలో అట్ట ఊడిన కంప్యూటర్ పుస్తకం దొరికితే, టీ తాగే టైములో ఒక చేత్తో అది, ఇంకో చేత్తో బైబిలు వాక్యం పట్టుకుని రెండూ నేర్చుకున్నాను. ఒక్కో ఆజ్ఞ నోటికి రావడానికి వారాలు పట్టింది. ఎవరూ నాకు బొమ్మలు పెట్టి ఇవ్వలేదు.

మధ్యాహ్నం కౌంటర్ దగ్గరకి వెళ్ళి వదినకి ఇదంతా విడమరచి చెప్పాను. మా అన్న పోయాక ఆవిణ్ణి ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. ఆ సంగతి నేను ఎప్పుడూ ఎత్తను.

"వెతికేవాడికి దొరుకుతుంది వదినా. మూడు అక్షరాలు నేర్చుకుంటే పోయేదానికి బొమ్మ ఎందుకు? పైగా నల్ల విండో చూసి జనం బెదిరిపోతారు. ఎలా మూయాలో తెలీదు. మెనూ అంతా అడవి అయిపోతుంది."

"ఏమయ్యా మరిదీ, నీకు పేరు తెలుసు కాబట్టి నీకు మెనూ అక్కర్లేదు. నాకు తెలీదు కాబట్టే నాకు కావాలి. తెలిసినవాళ్ళ కోసమే అయితే అసలు మెనూ ఎందుకు, పీకి పారెయ్యి."

"నల్ల విండో..."

"తెల్లవాటిల్లో మాత్రం నాకన్నీ తెలుసా? మొన్న ఫొటోల బొమ్మ నొక్కితే ఏదో వచ్చింది, ఎలా పోవాలో తెలీక కంప్యూటరే ఆపేశాను. దాన్నేం మెనూలోంచి తీసెయ్యలేదుగా నువ్వు?"

బెంచీల మీద కూర్చున్న పేషెంట్లు నవ్వారు. వాళ్ళలో నా చొక్కాలు కుట్టే దర్జీ కూడా ఉన్నాడు.

గర్వంతో అంటున్నది కాదు ఇది. సూత్రం. సూత్రం కోసం నిలబడేవాడికి ఎప్పుడూ నవ్వులే దక్కాయి.

మంగళవారం, 4

సర్జను వచ్చాడు. పది మంది. నేను పెట్టలేదు. పెట్టను.

బుధవారం, 5

పెట్టాను.

మేనేజరు కాగితం మీద రాసిచ్చాడు, సంతకంతో. అధికారానికి లోబడమని వాక్యంలోనే ఉంది. లోబడ్డాను. కౌంటర్ కంప్యూటర్లో కొత్త బొమ్మ చేర్చే పెట్టె తెరిచాను. పేరు దగ్గర వరస అని, కింద నడపాల్సిన ఆజ్ఞ, ఒక బొమ్మ. మనుషులు వరసగా నిలబడ్డ బొమ్మే దొరికింది. అన్నీ నింపాను. అడుగున 'టెర్మినల్‌లో నడపాలి' అని ఓ చిన్న గడి ఉంటుంది. అలాంటి పెట్టెల్లో అది ఎప్పుడూ ఉండేదే. సరే నొక్కి మూసేశాను.

చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇంతకంటే ఎవరికేం కావాలి?

వదిన మెనూ తెరిచి బొమ్మ చూసుకుని "ఎంత ముద్దుగా ఉందో" అంది. రేపు పొద్దున్న నుంచి తానే పిలుస్తానంది. ఇప్పటికి ముప్పై మందిని పిలిచాం.

గురువారం, 6

చెప్పానా, చెప్పలేదా!

పదిన్నరకి వదిన నా గదికి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నీ బొమ్మ పని చెయ్యట్లేదు మరిదీ."

"ఏమవుతోంది?"

"ఏమైతే చెప్పనూ? ఏమీ అవ్వట్లేదు. నొక్కాను, రాలేదు. మెల్లగా నొక్కాను, రాలేదు. గట్టిగా నొక్కాను. రెండు వేళ్ళతో నొక్కాను. ప్రార్థన చేసుకుని కూడా నొక్కాను. అది రాయిలా కూర్చుంది."

"నేను ముందే చెప్పాను కదా. నల్ల విండో ప్రోగ్రాములు మెనూకి పనికిరావు. అది వాటి స్వభావం కాదు."

"బొమ్మ పెట్టింది నువ్వే కదా, స్వభావం మార్చు."

"మనిషి చేతిలో లేనివి కొన్ని ఉంటాయి వదినా."

ఆవిడ నా వంక ఓ క్షణం చూసింది. "సరే, ఫోను నంబర్లు నువ్వే తీసివ్వు. రేపటి పది మంది కావాలి" అంది.

నా మెషీన్లో పేరు టైపు చేసి పది మందిని తీసిచ్చాను. నలభైతో మొదలైంది. ముప్పైతో ఆగామని నాకు గుర్తు. గుర్తు తప్పయి ఉంటుంది.

మేనేజరు దగ్గరకి వెళ్ళి "సార్, బొమ్మ పెట్టాను, పని చెయ్యలేదు" అన్నాను. "సరే, అయితే మీరే చూసుకోండి" అన్నాడు. కుర్చీలోకి వచ్చి కూర్చుంటే చాలా రోజుల తర్వాత నడుం నిటారుగా నిలిచింది.

శుక్రవారం, 7

పది మంది. ప్రశాంతం. ప్రతివాళ్ళూ నా గదికే వస్తున్నారు.

శనివారం, 8

వదిన నాతో మాట్లాడటం లేదు. నంబర్లకి వచ్చినప్పుడు చెయ్యి చాపుతుంది, కాగితం తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఆవిడ కౌంటర్ మెనూలో బొమ్మ ఇంకా అలాగే ఉంది. తీసేద్దామనుకుని వెళ్ళాను, తీయలేదు. ఉండనీ, అందరికీ పాఠంగా ఉంటుంది.

ఆదివారం, 9

దారి పక్కన కూర్చుని కేకలు వేసిన గుడ్డివాడి ఘట్టం మీద మాట్లాడాను. చుట్టూ ఉన్నవాళ్ళు వాడి నోరు మూయించబోతారు చూడండి, వాళ్ళకి ప్రభువు బాగా దగ్గర, అందుకే వాడు వాళ్ళకి అడ్డుగా కనిపించాడు అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట.

దర్జీ వచ్చాడు. వాడికి ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుడి కంట్లో శుక్లం ముదిరిపోయి, పాలు పోసినట్టుంది. పెళ్ళాం సూదిలో దారం ఎక్కించి ఇస్తే కుట్టుకుంటాడు. అయిపోయాక నా దగ్గరకి వచ్చి నా చొక్కా చేతులు తడిమాడు. పోయిన నెల తనే కుట్టాడు దాన్ని.

"అయ్యగారూ, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయిందని మా ఇంటిది చెప్పింది. క్షమించాలి. మీరు చెయ్యెత్తి ప్రసంగం చేస్తే తెలీదులెండి. కిందకి దించితేనే కష్టం."

నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా నంబరు ముప్పై నాలుగండీ. నలభై రెండు మొన్న లోపలికి వెళ్ళిందట. నన్ను పిలవలేదు" అన్నాడు.

"ఓపిక పట్టన్నా. దేవుడి వరసలో ఎవరి పేరూ తప్పిపోదు" అన్నాను.

"తప్పదంటారా?"

"తప్పదు."

వాడు దేవుడి వరస గురించి అడగలేదు, మా వరస గురించి అడిగాడు. ఇంటికొచ్చాక తట్టింది.

సోమవారం, 10

దర్జీ పొద్దున్నుంచీ మూడో బెంచీ మీదే ఉన్నాడు. నేను వరండా వైపు వెళ్ళలేదు. పని ఎక్కువగా ఉంది.

మంగళవారం, 11

వాడి పేరు వెతికాను. వాడి కోసం కాదు, జాబితా సరిగ్గా ఉందో లేదో చూద్దామని.

ముప్పై నాలుగులో లేదు. అట్టడుగున ఉంది, నూట అరవై మూడు. పక్కన 'పిలిచాం, ఆరో తేదీ, రాలేదు'. వాడితో పాటు ఇంకో ఎనిమిది మంది. ముప్పై ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా. అందరూ ఆరో తేదీనే, అందరూ రాలేదు, మూడు రోజులు దాటాయి కాబట్టి అందరూ అడుక్కి పోయారు. సర్జను ఉండగా ఆ అడుగు దాకా చేరే ప్రసక్తే లేదు. అంటే ఆరు నెలలు. దర్జీకి ఆలస్యమైతే కంట్లో పోటు వచ్చి ఉన్న కాస్త చూపూ పోతుందని లోపల డాక్టరు వాడి కార్డు మీద ఎర్ర సిరాతో రాశాడు. కార్డు చూశాను.

వదిన దగ్గరకి వెళ్ళాను.

"ఆరో తేదీన తొమ్మిది మందిని పిలిచావా?"

"నేనెక్కడ పిలిచాను? నువ్వు పెట్టిన బొమ్మ పలికితే కదా నేను పిలవడానికి!"

"జాబితాలో పిలిచామని ఉంది."

"జాబితాకి పిచ్చెక్కిందేమో, దానికీ ఓ ప్రసంగం చెయ్యి."

పిలిచిన టైములు కూడా చూశాను. పది పదమూడు. పది పదమూడు. పది పద్నాలుగు. పది పద్నాలుగు. తొమ్మిదీ రెండున్నర నిమిషాల్లోనే.

కంప్యూటర్ గడియారాలు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి.

బుధవారం, 12

సంగతి మేనేజరు దాకా పోయింది. ముప్పై ఏడో నంబరు మనిషి కొడుకు వచ్చి గొడవ చేశాడు. మేనేజరు నన్ను పిలిచి, కారణం రాసివ్వమన్నాడు.

"తప్పు ఆసుపత్రిది అయితే తొమ్మిది మందినీ మళ్ళీ ముందుకి తెస్తాను. మన నియమం అది. కౌంటర్లో మనిషి పిలిచి ఊరుకుంటే, ఆ మనిషి మీద చర్య తీసుకోవాలి, జాబితా కదపడానికి లేదు. ఏది జరిగిందో మీకే తెలియాలి. ఈ మెషీన్లు మీకు తప్ప ఎవరికీ అర్థం కావు."

నాకు తప్ప ఎవరికీ అర్థం కావు. ఆ మాట అన్నందుకు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, సంతోషపడ్డాను.

రాసిచ్చాను. 'కౌంటర్ సిబ్బంది అవగాహన లేకుండా ఒకే బొమ్మను పలుమార్లు నొక్కడం వల్ల.' ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మళ్ళీ చదువుకున్నాను. లేదు.

సాయంత్రానికి వదినకి మెమో వచ్చింది. సోమవారం నుంచి కౌంటర్ కాదు, దుప్పట్లూ గౌన్లూ లెక్కపెట్టే గదిలో. ఆవిడ మెమో మడిచి సంచిలో పెట్టుకుంది. నా గుమ్మం దగ్గర ఆగి, "నొక్కితే ఏమీ రాలేదని నీకు చెప్పాను కదా మరిదీ?" అంది. దెప్పుతున్నట్టు అనలేదు. నిజంగానే అడిగింది, తనకి గుర్తున్నది సరైనదో కాదో నన్ను అడిగి తెలుసుకోవాలన్నట్టు.

"చెప్పావు" అన్నాను.

"అదే, చెప్పాననే అనుకున్నాను."

ఇంటికి రాగానే మా ఆవిడ మొదలెట్టింది. సంగతంతా వదిన నోటే విన్నది.

"ఏమండీ, మన ఇంటి కంప్యూటర్లో నాకు పాటల పట్టికకి బొమ్మ పెట్టిచ్చారు కదా?"

"అయితే?"

"అదీ నల్ల విండోనే కదా? నొక్కితే చక్కగా వస్తోంది. తెల్లటి అక్షరాల్లో పాటలన్నీ కనిపిస్తాయి. చూడటం అయ్యాక ఏదో ఒకటి నొక్కితే పోతుంది."

"అది వేరు."

"ఎలా వేరు?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"చెప్పి చూడండి. నాకు వచ్చింది అక్కకి ఎందుకు రాలేదో అంతే నాకు కావాల్సింది."

అన్నం సగంలో లేచాను. భోజనం దగ్గర ఇలాంటివి మాట్లాడొద్దని చెప్పాను. ఆమె నా కంచం తీస్తూ, "గుడ్డివాడి ప్రసంగం చాలా బాగుందని అందరూ అంటున్నారు" అంది.

గురువారం, 13

మధ్యాహ్నం గది తలుపు వేసుకుని నా మెషీన్లో జాబితాకి ఒక నకలు తీశాను. మెనూలో కొత్త బొమ్మ పెట్టాను. ఆ నకలు మీద నడిచేలా, కౌంటర్లో పెట్టినట్టే, అడుగు గడి ఖాళీగా వదిలేసి. నొక్కాను.

ఏమీ రాలేదు.

నకలు తెరిచి చూశాను. ఒక పేరు పోయింది. పిలిచాం.

మళ్ళీ నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకో పేరు పోయింది. తొమ్మిది సార్లు నొక్కాను. తొమ్మిది సార్లూ తెర మీద గాలి కూడా కదల్లేదు. తొమ్మిది పేర్లు పోయాయి. ప్రోగ్రాం ప్రతిసారీ నడిచింది, ప్రతిసారీ పేరూ నంబరూ చెప్పింది. చూపించడానికి దానికి విండో లేదు, అంతే. ఖాళీ గదిలో నిలబడి పేర్లు చదివి, చదివాను కదా అని టిక్కు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

గడికి టిక్కు పెట్టి నొక్కాను. నల్ల విండో తెరుచుకుంది. పేరు. నంబరు. ఏదైనా మీట నొక్కేదాకా కదలకుండా నిలబడింది.

మరిచిపోయాను. మనిషన్నాక మరిచిపోడా? రేపు మెల్లగా టిక్కు పెట్టేస్తాను. ఇకముందు ఈ పొరపాటు జరగదు. జరిగినదానికి కారణం ఎలాగూ రాసిచ్చేశాను. వదినకి దుప్పట్ల గది కౌంటర్ కంటే తేలికే. కూర్చుని చేసే పని. దర్జీకి ఇంకో ఆసుపత్రి చూద్దాం, తెలిసినవాళ్ళున్నారు.

మరిచిపోయాను.

శుక్రవారం, 14. పొద్దున

మరిచిపోలేదు.

వాక్యం తెరిచి అరగంట కూర్చున్నాను. అక్షరాలు కనిపించాయి, చదవడం రాలేదు. అప్పుడు ఈ డైరీలో ఆరో తేదీ పేజీ తీశాను. 'నా మెషీన్లో పేరు టైపు చేసి' అని రాసుకున్నాను. ఇది ఎవరూ చదవని డైరీ. ఇందులో కూడా అబద్ధం రాశాను. నేను టైపు చెయ్యలేదు. నా మెషీన్ మెనూలో వరసకి బొమ్మ ఉంది. కొత్త కంప్యూటర్లు వచ్చిన మొదటి వారంలోనే నాకోసం నేను పెట్టుకున్నాను, గడికి టిక్కు పెట్టి. రెండు నెలలుగా దాని మీదే నొక్కుతున్నాను. పేర్లు నోటికి రావాలని హాల్లో బల్ల గుద్ది చెప్పిన రోజు కూడా.

అయిదో తేదీన కౌంటర్ ముందు కూర్చున్నప్పుడు ఆ గడి నా కళ్ళెదురుగానే ఉంది. మౌసు దాని మీదకి వెళ్ళింది. ఆగింది. టిక్కు పెడితే వదిన నొక్కుతుంది, వస్తుంది, ఇక ఎవరూ నా గది గుమ్మం తొక్కరు అనిపించింది. పెట్టకపోతే ఏమీ రాదు, అందరూ మళ్ళీ నా దగ్గరకే వస్తారు. అంతే. ఇందులో సూత్రం లేదు. నల్ల విండో చూసి జనం బెదిరిపోతారన్నది నేను కుట్టుకున్న చొక్కా. ఎత్తినప్పుడు బాగుంటుంది, దించితే ఒక చెయ్యి పొట్టి. పేర్లు పోతాయని నాకు తెలీదు. ఆ ఒక్కటీ నిజంగానే తెలీదు. కానీ పదకొండో తేదీన టైములు చూసినప్పుడు తెలిసింది. గడియారం మీదకి తోశాను.

గుడ్డివాడి నోరు మూయించిన వాళ్ళ గురించి అంత బాగా ఎలా చెప్పగలిగానో ఇప్పుడు అర్థమైంది. లోపల నుంచి తెలుసు కాబట్టి.

ఎనిమిదికే ఆసుపత్రికి వచ్చేశాను. వదిన కౌంటర్ తుడుస్తోంది. కుర్చీ లాక్కుని ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వరస బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కి ఆ పెట్టె తెరిచి చూపించాను.

"ఈ గడి చూడు వదినా."

"ఏదీ? ఈ ఆవగింజంతదా?"

"దీనికి టిక్కు పెట్టాలి. నేను పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. నువ్వు నొక్కిన ప్రతిసారీ అది నడిచింది. నీకు కనిపించకుండా తొమ్మిది మందిని పిలిచేసింది."

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. నేను టిక్కు పెట్టాను. ఆవిడ వేలు తనకు తెలీకుండానే మౌసు మీదకి వెళ్ళింది.

"నొక్కకు! ఇప్పుడు నొక్కితే ఇంకొకరు పోతారు."

వేలు గాల్లో ఆగింది. ఆ వేలు వంక చూసుకుంది, తర్వాత నా వంక చూసింది.

"వారం రోజులు ఎందుకూ పనికిరాని దాన్ననుకున్నాను మరిదీ. ఇంటికెళ్ళి నా వేలు నేను చూసుకునేదాన్ని. దీనికేమొచ్చింది, అందరికీ పలికేది నాకు పలకదేం అని."

ఏదో వాక్యం చెప్పబోయాను. అడ్డంగా చెయ్యి పెట్టింది.

"వద్దు. నీ ఏడుపు రేపు ఏడువు, కూర్చుని వింటాను, ఆవలించను కూడా. రేపు సర్జను వెళ్ళిపోతాడా?"

"సాయంత్రం. రేపే చివరి పది మంది. వాళ్ళని ఇవాళే పిలవాలి. మధ్యాహ్నం పరీక్షలకి రావాలంటే పదకొండు లోపు చెప్పాలి."

"తొమ్మిది మంది ఉన్నారు, పది చోట్లున్నాయి. ఇంకా కూర్చున్నావేం? మేనేజరుకి రాయి."

రాశాను. పన్నెండో తేదీ కాగితం తప్పని, బొమ్మను సగం పెట్టి వదిలేసింది నేనేనని, అదీ తెలిసే చేశానని, తప్పు ఆసుపత్రి తరఫున నాదని, నియమం ప్రకారం తొమ్మిది మందినీ ముందుకి తీసుకురమ్మని, మెమో నా పేరు మీదకి మార్చమని. కింద సంతకం. చక్రాల కుర్చీల దగ్గరకి మళ్ళీ పంపితే వెళ్తాను. తోయడం ఇంకా మరిచిపోలేదు.

నా దగ్గర మిగిలిన రెండు ప్రోగ్రాములకి కూడా కౌంటర్ మెనూలో బొమ్మలు పెట్టాను. టిక్కుతో. నొక్కి చూశాను, రెండూ వచ్చాయి. నల్లగానే వచ్చాయి. ఎవరూ బెదరలేదు. వదిన కాగితం మీద రాసుకుంటోంది, మూయాలంటే ఏదైనా మీట నొక్కాలి అని.

మేనేజరు తొమ్మిదికి వస్తాడు. పది నిమిషాలుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి పేజీలో ఒక ప్రశ్న అడిగాను. సమాధానం ఇది. పేరు తెలిసినవాడికి తలుపు అక్కర్లేదు, వాడు గోడల్లోంచైనా వస్తాడు. తలుపు పెట్టేదే పేరు తెలియనివాడి కోసం. పెట్టిన తలుపు తెరుచుకోవాలి. తెరిచినట్టు నటించకూడదు.

మేనేజరు స్కూటరు గేటు దాటింది. మూడో బెంచీ మీద దర్జీ అప్పుడే వచ్చి కూర్చున్నాడు. సంచిలో నా కోసం ఏదో బట్ట ముక్క ఉంది, పొట్టి చెయ్యికి అతుకు వేస్తాడట. తనని ఎవరూ పిలవకపోయినా రోజూ వస్తానన్నాడట వదినతో.

ఇక చాలు, ఇది నాకు నేనే చెప్పుకుంటున్నాను. మెనూ నీ చేతిలో ఉంది, ఫోను నీ బల్ల మీద ఉంది, తొమ్మిది నంబర్లు నీ కాగితం మీద ఉన్నాయి. రేపు సాయంత్రం సర్జను కారెక్కేశాక నువ్వు ఎంత ఏడ్చినా అది ప్రసంగమే తప్ప పని కాదు. దొంగతనంగా ఇది చదువుతున్నవాడా, నువ్వు కూడా ఏ గడి చూసీ చూడనట్టు వదిలేసి వచ్చావో నీకు తెలుసు. పేజీ తిప్పకు. వెళ్ళు. నేనూ లేస్తున్నాను. ముందు మేనేజరు, ఆ తర్వాత మూడో బెంచీ. ఫోను అక్కర్లేదు వాడికి, పేరు పెట్టి పిలిస్తే చాలు. పదకొండు కాకముందే. ఇవాళే, ఇప్పుడే లే.